మీటరు సూదికి అందని తాళం: బ్యాండును క్యాసెట్ మీద ఎక్కించడం గురించి

ఒక బ్యాండువాళ్ళు రాసి పంపిన ప్రశ్న క్లుప్తంగా ఇది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో మేడ మీది గది. అయిదుగురి బ్యాండు: గిటారు, బేసు, కీబోర్డు, డ్రమ్స్, పాడే అమ్మాయి. కొన్ని పాటలకు వాళ్ళ మామయ్య వచ్చి జముకు (తీగ బిగించి మీటే తోలు వాద్యం) వాయిస్తారు, వంత పాడే ఇద్దరు కుర్రవాళ్ళు తాళాలు పట్టుకుంటారు. తాతగారి నాటి సూది మీటర్ల క్యాసెట్ డెక్ ఇంట్లో ఉంటే, మిక్సర్ నుంచి నేరుగా దానికి వైరు ఇచ్చి, అందరూ ఒకేసారి వాయిస్తూ రికార్డు చేశారు. సూది ఎర్రగీత దాటలేదు. అయినా తాళం పడిన చోటల్లా 'ఛిస్స్' మని చిట్లింది. పాటంతా మందంగా, మబ్బుగా ఉంది. గొంతు మీదికి వచ్చింది, డ్రమ్స్ వినీ వినపడనట్టు ఉన్నాయి, అడుగున ఒకటే బుస. లోపం ఎక్కడ? నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు ఒకటి అమ్మకానికి కనిపించింది, కొనవచ్చా?

డెక్‌ను శుభ్రం చేయాలి, మిక్సర్‌ను దానికి రాని పనికి వాడారు, ఈ రెండూ తర్వాత చెబుతాను. అసలు చిక్కు తాళాలు పట్టుకున్నవాళ్ళు నిలబడిన చోట ఉంది. అందరినీ కలిపి ఒకేసారి క్యాసెట్ మీద ఎక్కించేటప్పుడు, ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దగ్గరే మిక్సింగ్ చాలావరకు అయిపోతుంది. ఆ తర్వాత సరిదిద్దుకుందామంటే అక్కడ సరిదిద్దడానికి ఏమీ మిగలదు. విజయనగరంలో సౌండ్ సర్వీసు నడుపుతూ హరికథలు, జముకుల కథలు, భజన బృందాలు, పెళ్ళి బ్యాండ్లు అన్నిటినీ క్యాసెట్ల మీద రికార్డు చేసినవాణ్ణి. డిజిటల్ వచ్చాక కూడా నా డెక్‌ను అటక ఎక్కించలేదు. ఆ అనుభవంతోనే ఈ మాట అంటున్నాను.

మొదట తాళం ఎందుకు చిట్లిందో చూద్దాం. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. రెండు వైపులకూ కలిపి అందులో నాలుగు ట్రాకులు, మధ్యలో ఖాళీలు. ఒక్కో ట్రాకుకు దక్కేది సుమారు 0.6 మిల్లీమీటరు. టేపు నడిచే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. పెద్ద స్టూడియోల్లో స్పూలు యంత్రం సెకనుకు 38 సెంటీమీటర్లు లాగేది, అంటే ఎనిమిది రెట్లు. ఫిలిప్స్ వాళ్ళు 1963లో క్యాసెట్‌ను బయటికి తెచ్చినప్పుడు ఇంతమంది దాని మీద సంగీతం రికార్డు చేస్తారని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు లెక్క కట్టండి. తాళం మోతలో ఉండే పదివేల హెర్ట్జ్ శబ్దానికి, ఒక్కో తరంగానికి టేపు మీద దొరికే చోటు 4.76 మైక్రాన్లు. అంత ఇరుకులో పక్కపక్కన పడిన అయస్కాంత ధ్రువాలు లెవెల్ పెరిగే కొద్దీ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే ఒక హద్దు దాటాక క్యాసెట్ మీద సన్నని శబ్దాన్ని ఎంత పెంచితే అంత తగ్గి వినిపిస్తుంది, పైగా చిట్లుతుంది. బేసు, గొంతు, డ్రమ్ములో 'ధబ్' మనే భాగం అదే లెవెల్‌లో హాయిగా ఉంటాయి. అంటే మీ టేపు నిండింది తాళాలకు మాత్రమే. మిగిలిన వాద్యాలకు ఇంకా చోటుంది.

మరి సూది ఎందుకు చెప్పలేదు? రెండు కారణాలు. సూది మీటరు నెమ్మది మనిషి. నిలకడగా వచ్చే శబ్దానికి అది పూర్తిగా లేవడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. తాళం దెబ్బ మొదటి విసురు ఆ లోపలే వచ్చి పోతుంది, సూది సగం కూడా లేవదు. రెండోది, క్యాసెట్ డెక్ లోపల రికార్డింగ్ సర్క్యూట్ సన్నని శబ్దాలను టేపు మీద పడే ముందు కావాలనే పెంచుతుంది, టేపు బలహీనతను పూడ్చడానికి. మీటరు మామూలుగా ఆ పెంపుకు ముందే కొలుస్తుంది. అంటే తాళం విషయంలో టేపుకు చేరేది సూది చూపించేదానికంటే ఎప్పుడూ ఎక్కువే. గొంతుకు, వీణకు, హార్మోనియానికి సూదిని నమ్మండి. ఇత్తడికి నమ్మవద్దు.

విజయనగరంలో ఈ పాఠం చిడతల దగ్గరే మొదలవుతుంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల 1919 నుంచి ఇక్కడే ఉంది. హరికథ ఇక్కడ ఇంటి విద్య. హరిదాసుగారి నోరు, చిడతల చెయ్యి ఒకే మైకు ముందు ఉంటాయి, రెంటినీ విడదీయడం కుదరదు. చేయగలిగిందల్లా మైకును నోటికి కాస్త పైనుంచి కిందికి వంచి పెట్టి, చిడతల చెయ్యి భుజం కంటే కిందే ఆడేలా వారితో ముందే మాట్లాడుకోవడం. పెద్దవాళ్ళు ఆవేశంలో చెయ్యి ఎత్తేస్తారు, అది వేరే సంగతి. అయినా 'కాస్త కిందికి బాబుగారూ' అని ముందే చెబితే సగం కథ వరకైనా గుర్తుంచుకుంటారు.

తప్పెటగుళ్ళు ఇంకా కష్టం. ఛాతీ మీద తప్పెట, కాళ్ళకు గజ్జెలు, అందరూ ఎగురుతూ తిరుగుతూ ఆడుతుంటారు. ఆ గజ్జెల మోత అన్నీ కలిసి ఆగకుండా వచ్చే సన్నని హోరు, క్యాసెట్‌కు అదే గండం. గజ్జెలు విప్పమంటే ఆట లేదు. అక్కడ మైకును నేలకు దూరంగా, తలల ఎత్తున పెట్టి, దాని వీపు కాళ్ళ వైపు ఉండేలా తిప్పితే తప్పెట ముందుకు వస్తుంది, గజ్జె వెనక్కు తగ్గుతుంది. ముందు నుంచి బాగా విని వెనక నుంచి తక్కువ వినే మైకు కావాలి. పాటగాళ్ళు చేతబట్టుకునే మామూలు డైనమిక్ మైకులు దాదాపు అన్నీ ఆ జాతివే. చాలామంది మైకు ఎటు వినాలో చూసుకుంటారు, ఎటు వినకూడదో చూసుకోరు. మీ గదిలో మీకు కావలసిన చూపు ఆ రెండోదే.

సరే, మీ గది. మీరు పంపిన వివరాన్ని బట్టి అందరూ వేదిక మీద నిలబడినట్టు ఒకే వరసలో గోడ వైపు వీపు పెట్టి నిలబడ్డారు. అది జనం చూడడానికి. రికార్డింగ్‌కు వరస విరిచి, అర్ధచంద్రంలో ఎదురెదురుగా కూర్చోండి. జముకుల కథలో కథకుడి అడుగును చూస్తూ జముకు వాయిస్తారు, చూపు తెగితే లయ తెగుతుంది. మీ బ్యాండుకూ అంతే. డ్రమ్స్ ఒక మూలకు, కానీ సరిగ్గా మూలలోకి తోయకండి, గోడలు రెండూ కలిసే చోట బేసు మోత ఉబ్బిపోతుంది. మూల నుంచి నాలుగైదు అడుగులు ఇవతలికి ఉంచి, వెనక గోడకు పరుపో బొంతో వేలాడదీయండి. జముకు అన్నిటికంటే ముందు, మైకుకు అడుగు దూరంలో. అది చూడడానికి గంభీరంగా ఉంటుంది కానీ డ్రమ్స్ పక్కన పెడితే దాని గొంతు వినపడదు. చర్మానికి సూటిగా ఎదురుగా మైకు పెడితే 'దబ్ దబ్' తప్ప తీగ మాట వినపడదు. కాస్త పక్కవాటుగా పెట్టి, మామయ్యగారిని తీగ బిగించి వదిలి చూపించమనండి. ఆ జారుడు స్వరం స్పష్టంగా పలికిన చోటు దొరికేదాకా మైకును అంగుళం అంగుళం జరపండి. ఈ పనికి తొందర వద్దు, ఆ పాటలకు ప్రాణం అక్కడే ఉంది.

తాళాలవాళ్ళను ఏం చేయాలి? గది అవతలి కొసకు, వీలైతే తలుపు దగ్గరకు పంపండి. మైకుల నుంచి పది అడుగుల దూరం ఉంటే మంచిది. తాళాల అంచు మైకు వైపు తిరగకుండా, రెండు బిళ్ళలూ పైకీ కిందికీ కొట్టుకునేలా పట్టుకోమనండి. వాళ్ళకు ప్రత్యేకంగా మైకు వద్దే వద్దు. వంత పాట కోసం వాళ్ళ ముందు ఒకటి పెట్టారని రాశారు, చిట్లింది అక్కడే. వంత పాడేవాళ్ళు వేరు, తాళం వేసేవాళ్ళు వేరు అయి ఉంటే సమస్యే లేదు. మీకు రెండూ వాళ్ళే కాబట్టి, పాడుతున్నప్పుడు తాళాన్ని నడుము పక్కకు దించి కొట్టమనండి. దూరంగా నిలబడిన తాళం మిగిలిన మైకులన్నిటిలోకీ కొంచెం కొంచెం వచ్చి చేరుతుంది. అదే చాలు, అదే అందం. పెద్ద తాళాల జత బదులు చిన్నది వాడినా పాటకు లోటు రాదు.

డ్రమ్స్ సింబల్స్‌కూ ఇదే న్యాయం. వాటికి పైనుంచి మైకు వేలాడదీసే పద్ధతి డిజిటల్‌లో చెల్లుతుంది, క్యాసెట్‌లో చెల్లదు. డ్రమ్స్ వాయించే అతని కుడి మోకాలికి పక్కగా, కాలితో వాయించే కిక్ డ్రమ్ముకూ కర్రలతో వాయించే స్నేర్ డ్రమ్ముకూ మధ్య ఒక్క మైకు, స్నేర్ వైపు చూసేలా పెట్టండి. సింబల్స్ దాని తల మీదుగా వెళ్ళిపోతాయి, రెండు డ్రములూ సమంగా పడతాయి. షూర్ కంపెనీ ఎస్ఎం57 మైకు ఉంటే దివ్యం, లేకపోతే మీ దగ్గరున్న మామూలు పాటల మైకే చాలు. ఆ ఒక్క మైకు మాట విని డ్రమ్మర్లు మొహం చిట్లిస్తారు, రెండోసారి విన్నాక ఒప్పుకుంటారు. హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్) తెరిచి బాదే అలవాటుంటే మూసి వాయించమనండి. సింబల్ మీద చిన్న గుడ్డ టేపు ముక్క అంటిస్తే మోత తొందరగా ఆగుతుంది.

గొంతు మీదికి రావడం, డ్రమ్స్ మాయమవడం మిక్సర్ పుణ్యం. మిక్సర్‌లో మీరు సర్దినది గదిలో ఉన్నవాళ్ళకు వినిపించడానికి. చిన్న గదిలో డ్రమ్స్‌కు మైకు అక్కర్లేదు, గిటారు యాంప్లిఫయర్ తన మోత తనే మోస్తుంది. అందుకే మిక్సర్‌లోకి వాటిని తక్కువ ఇచ్చారు, పాడే అమ్మాయి గొంతు ఎక్కువ ఇచ్చారు. డెక్‌కు చేరింది ఆ మిక్సర్ మాత్రమే, గది చేరలేదు. గదికి ఒక సర్దుబాటు, టేపుకు ఒక సర్దుబాటు వేరువేరుగా ఉండాలి. మీ మిక్సర్‌లో ఆక్స్ అవుట్‌పుట్ (మెయిన్‌తో సంబంధం లేకుండా విడిగా సర్దుకునే దారి) ఉంటే అమ్మాయికి వినిపించే చిన్న స్పీకరును దాని మీద నడిపి, మెయిన్ అవుట్‌పుట్ మొత్తం డెక్‌కే కేటాయించండి. ఆ చిన్న స్పీకరు ఆమె వరకే వినపడాలి. బేసు, కీబోర్డు వైరు ద్వారా నేరుగా మిక్సర్‌కు ఇచ్చి, వాళ్ళిద్దరూ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంకా మంచిది. టేపుకు ఎలా వెళుతోందో వినేవాడు గదిలో ఉండకూడదు. పొడవైన హెడ్‌ఫోన్ వైరుతో వరండాలోకో కింది మెట్ల మీదికో పంపండి. డ్రమ్స్ పక్కన కూర్చుని హెడ్‌ఫోన్‌లో విన్నవాడికి డ్రమ్స్ ఎప్పుడూ చాలినంతే ఉంటాయి, ఎందుకంటే అతను వింటున్నది గదిని.

మిక్సర్ నుంచి డెక్‌కు ఇచ్చే చోట ఒక జాగ్రత్త. పెద్ద మిక్సర్ల మెయిన్ అవుట్‌పుట్ ఇంటి డెక్ లైన్ ఇన్‌పుట్ కోరేదానికంటే బాగా బలంగా ఉంటుంది. డెక్ లెవెల్ నాబ్ కొంచెం తెరవగానే సూది ఎగిరి పడితే మిక్సర్ మాస్టర్ తగ్గించండి. నాబ్ సగం తిరిగే దగ్గర పని జరిగితే సరైన దారిలో ఉన్నట్టు. రికార్డింగ్ అవుట్‌పుట్ పిన్ను ఉంటే దాన్నే వాడండి. యాంప్లిఫయర్ స్పీకరు తీగను డెక్‌లోకి ఇచ్చేవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాను. అలా ఇస్తే డెక్ కాలుతుంది.

లెవెల్ పెట్టడం ఇలా. పాటలో అన్నిటికంటే హోరుగా ఉండే చరణం, తాళాలతో సహా, అర నిమిషం రికార్డు చేయండి. వెనక్కు తిప్పి తాళం ఒక్కటే వినండి. 'ఛింగ్' మని తోక ఉందా, 'ఛిస్' మని తెగిందా? తెగితే మూడు డెసిబెళ్ళు తగ్గించి మళ్ళీ చేయండి. తోక నిలిచే చోటు దొరికాక నాబ్‌ను అక్కడే వదిలేయండి. పాట మధ్యలో సూదిని చూస్తూ నాబ్ తిప్పడం క్యాసెట్‌కు చేసే అపచారం. బుస ఎక్కువవుతుందని భయపడి లెవెల్ పెంచకండి. బుస నిలకడగా ఉంటుంది, చెవి అలవాటు పడుతుంది. చిట్లడానికి చెవి అలవాటు పడదు. లెవెల్ నాబ్ లేని టూ ఇన్ వన్ సెట్లలో యంత్రమే లెవెల్ సర్దుకుంటుంది. డ్రమ్ దెబ్బ పడగానే పాటంతా కిందికి నొక్కుకుపోయి, ఆపైన మెల్లగా ఉబ్బుతుంది. ఒంటరి గొంతుకు అది సరిపోతుంది, బ్యాండుకు పనికిరాదు. రాయడానికి, చదవడానికి, చెరపడానికి వేర్వేరు హెడ్లు (టేపును తాకే భాగాలు) ఉన్న మూడు హెడ్ల డెక్ దొరికితే మాత్రం వదలకండి. రికార్డు అవుతుండగానే టేపు మీద నిజంగా ఏం పడిందో వినవచ్చు.

మబ్బుతనంలో మిగిలిన సగం డెక్‌దే. తలుపు తెరిచి హెడ్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. దవాఖానా స్పిరిట్‌లో నీళ్ళు ఎక్కువ. గోధుమరంగు పొడి దూదికి అంటుకుంటుంది, ఆ పొడి ఒకనాడు ఎవరి పాటో. దూదిపుల్ల తెల్లగా బయటికి వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. టేపును లాగే ఇనుప క్యాప్‌స్టన్ కడ్డీని కూడా తుడవండి, దాని మీద మరక కనపడదు కానీ ఉంటుంది. ఆ కడ్డీకి ఒత్తుకుని తిరిగే రబ్బరు పించ్ రోలరును మాత్రం తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అది గాజులా మెరుస్తుంటే మార్చాల్సిందే. మన తీరప్రాంతపు ఉప్పు గాలికి బెల్టులు జిగురుగా మారిపోవడం సహజం. హెడ్ పక్కన ఉండి దాని వాలును సరిచేసే చిన్న అజిమత్ స్క్రూను మాత్రం సరదాకు తిప్పకండి. తిప్పితే మీ పాత క్యాసెట్లన్నీ ఒక్క దెబ్బతో మబ్బుగా మారతాయి.

వేగం సంగతి చాలామంది పట్టించుకోరు. కీబోర్డులో ఒకే స్వరం నొక్కిపట్టి నిమిషం రికార్డు చేసి వినండి. స్వరం ఊగితే రోలరో బెల్టో పోయింది. జముకుతో ఈ పరీక్ష చేయకూడదు, దాని జారుడులో టేపు ఊగు కలిసిపోతుంది. నిలకడైన కీబోర్డు, హార్మోనియం శ్రుతి, నాదస్వరం దగ్గర దొరికిపోతుంది. ఇంకో చిక్కు ఉంది: డెక్ మొత్తంగా వేగంగా తిరుగుతుంటే దాని మీదే రికార్డు చేసి దాని మీదే వింటే తేడా తెలియదు, రెండు తప్పులూ రద్దయిపోతాయి. వేరే ఇంట్లో వేసినప్పుడు పాట అర శ్రుతి దిగిపోతుంది. కంపెనీ క్యాసెట్ ఒకటి వేసి, అదే పాటను ఫోనులో వేసి శ్రుతి కలిపి చూసుకోండి. మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం సరిచేసే స్క్రూ ఉండే డెక్‌లే ఎక్కువ.

టేపు గురించి ఎక్కువ చెప్పను. సి60 వాడండి, వైపుకు ముప్పై నిమిషాలు. సి90 టేపు దానికంటే పలచన, సి120 మరీ పలచన, సాగుతుంది, చుట్టుకుంటుంది, బ్యాండుకు వద్దు. కొత్తగా తయారై వచ్చేవి ఎక్కువగా మామూలు ఫెర్రిక్ టేపులే. క్రోమ్ జాతి టేపు దొరికితే బుస కొంచెం తగ్గుతుంది. మెటల్ టేపు తాళాలకు అన్నిటికంటే మేలు, కానీ పాత నిల్వల్లోనే దొరుకుతుంది, ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. టేపు రకానికి తగినట్టు డెక్ మీది మీట మార్చడం మరవకండి. కొత్త క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటికి తిప్పితే చుట్టు సమంగా కూర్చుంటుంది. మొదటి అయిదారు సెకన్లు ఉత్త ప్లాస్టిక్ నాడా, దాని మీద ఏమీ పడదు. పెన్సిలుతో గోధుమరంగు కనపడేదాకా తిప్పి మొదలుపెట్టండి.

డెక్‌లో బుస తగ్గించే డాల్బీ మీట ఉంటుంది: డాల్బీ బి సన్నని బుసను పది డెసిబెళ్ళ దాకా తగ్గిస్తుంది, డాల్బీ సి ఇరవై దాకా. కానీ వేసి రికార్డు చేసినదాన్ని వేసే వినాలి. మీ క్యాసెట్ కొనేవాళ్ళ దగ్గర ఉండేది చవక వాక్‌మన్, అందులో డాల్బీ ఉండదు. బి వేసి చేసినది అక్కడ కాస్త పదునుగా వినిపిస్తుంది, భరించవచ్చు. సి వేసినది వికారంగా ఉంటుంది. పంచిపెట్టే క్యాసెట్ అయితే నేను రెండూ ఆపేస్తాను.

ఇక నాలుగు ట్రాకుల యంత్రం. టియాక్ కంపెనీ 1979లో తెచ్చిన పోర్టాస్టూడియో 144తో ఈ జాతి మొదలైంది. మామూలు క్యాసెట్‌లో రెండు వైపులకు పంచే నాలుగు ట్రాకులనూ ఇవి ఒకే దిక్కుకు వాడతాయి, కాబట్టి క్యాసెట్ తిరగేయడం ఉండదు. మంచి నమూనాలు రెట్టింపు వేగంతో, సెకనుకు 9.5 సెంటీమీటర్లతో నడుస్తాయి. తాళానికి దొరికే చోటు కూడా రెట్టింపు అవుతుంది, మీ సమస్యకు సూటి మందు అదే. వేగం రెట్టింపు, రెండో వైపు లేదు, కాబట్టి సి60లో పట్టేది పదిహేను నిమిషాలే. కొనే ముందు ఒక్కటి అడగండి: ఒకేసారి ఎన్ని ట్రాకుల మీద రికార్డు చేస్తుంది? నాలుగు ట్రాకులున్నా ఒకేసారి రెండింటి మీదే రికార్డు చేసేవి చాలా ఉన్నాయి, పోర్టా 02 అలాంటిది. అందరూ కలిసి వాయించే మీకు అది దండగ. అదే కంపెనీ 424 నమూనా అయితే నాలుగూ ఒకేసారి తీసుకుంటుంది, రెట్టింపు వేగమూ ఉంది. దొరికితే కొనండి. టేపు అంచు తొందరగా నలుగుతుంది కాబట్టి బేసును అంచు ట్రాకుకు ఇవ్వండి, గొంతును లోపలి ట్రాకులో ఉంచండి. డ్రమ్స్ ఒకటి, గిటారు, కీబోర్డు, జముకు కలిపి ఒకటి. జముకు ఉన్న పాటల్లో కీబోర్డు తగ్గితే మరీ మంచిది, కానీ అది మీ సంగీతం, నేను చెప్పేది కాదు.

కరెంటు, ఫ్యాను, వీధి. డెక్, మిక్సర్, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే 'గుంయ్' మనే మోత చాలావరకు పోతుంది. లైట్లు, ఫ్యాన్లు వేరే బోర్డు మీద ఉండనివ్వండి. మోత పోవడానికి ఎర్త్ పిన్ను విరగ్గొట్టే సలహా ఎవరైనా ఇస్తే వినకండి, మైకు పట్టుకున్న మనిషికి షాకు కొడుతుంది. చవక ఇన్వర్టరు మీద రికార్డింగ్ వద్దు. పాట నడిచేటంతసేపు ఫ్యాను ఆపాలి, అంటే వేసవిలో ఈ పని పెట్టుకోకూడదు. కార్తీకం నుంచి మాఘం దాకా మేడ గది హాయిగా ఉంటుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు మీ కంటే ముందు పాడుతుంది కాబట్టి రాత్రి పది దాటాక కూర్చోండి. ఆ కూడలిలో బస్సుల హారన్లు అప్పటికి తగ్గుతాయి.

మంచి టేకు (ఒక విడత రికార్డింగ్) దొరికిన వెంటనే క్యాసెట్ వెనక ఉన్న రెండు ప్లాస్టిక్ పళ్ళనూ విరిచేయండి, ఎవరూ పొరపాటున దాని మీద రికార్డు చేయలేరు. అదే రోజు, అదే డెక్ మీద వేసి, కంప్యూటర్‌లోకి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక కాపీ దించుకోండి. ఏ హెడ్ రాసిందో ఆ హెడ్ చదివితేనే సన్నని శబ్దాలు పూర్తిగా బయటికి వస్తాయి. క్యాసెట్‌ను చివరిదాకా తిప్పి, డబ్బాలో నిలువుగా, స్పీకర్లకు దూరంగా ఉంచండి. మన దగ్గర వానాకాలంలో టేపు చుట్టు మీద తెల్లని బూజు పడుతుంది, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి అందులో వేయండి. తాళాలవాళ్ళను జరిపి చేసిన మొదటి టేకు ఎలా వచ్చిందో రాయండి. జముకు మైకు ఎక్కడ కుదిరిందో కొలత కూడా రాస్తే ఇక్కడ ఇంకొకరికి పనికొస్తుంది.